ఖాళీగా ఉంచిన కుర్చీ

"ఇది అధ్యాయం కాదమ్మా, క్యూ."

గైడ్ మేడమ్ కాగితాల కట్టను టేబుల్ మీద పడేసింది. అది పీహెచ్‌డీ కమిటీ గది.

"ఒకాయన వస్తాడు, తన ముక్క చెప్పి పోతాడు. వెనకాల ఇంకొకావిడ వస్తుంది, తన ముక్క చెప్పి పోతుంది. ఆరు పరిశోధనలు, ఆరు పేరాలు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్న పాపాన పోలేదు. మరి ఇందులో నువ్వెక్కడ?"

ఎదురుగా నిలబడ్డ పరిశోధక విద్యార్థిని తన కాగితాల కేసి చూసుకుంది.

"ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం మళ్లీ రా. అప్పుడూ ఇదే క్యూ అయితే రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని నేనే రాస్తాను."

టేబుల్ కొసన కూర్చున్న పెద్దసారు మెత్తగా నవ్వాడు. ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్. "అంత కోపమెందుకు మేడమ్? విషయం సరిగ్గానే ఉందిగా. వరదొచ్చింది, గేటు ఆపరేటర్ నిద్రపోయాడు, జలాశయం గట్టు తెగింది. ఆరుగురూ అదే చెప్పారు. భాష కాస్త దిద్దుకుంటే సరి."

ఆమె తలూపింది. కాగితాలు ఏరుకుంది.

ఆ గదిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆమె అమ్మమ్మ దగ్గర పెరిగి, అమ్మమ్మ ఇంటిపేరుతోనే చదువుకుంది కాబట్టి తెలిసే వీలూ లేదు.

ఆ ఆపరేటర్ ఆమె నాన్న.

గట్టు తెగిన సాయంత్రం కొట్టుకుపోయిన దిగువ కాలనీలో ఆమె అమ్మ ఉంది.

*

బయట కుండపోత. గొడుగు మడవడం కూడా మర్చిపోయి, థీసిస్ రాయడం నేర్పే రైటింగ్ సెంటర్ తలుపు తోసుకుని వచ్చింది. మొదట కనిపించిన కుర్చీలో కూలబడింది.

"లేవండి! ఆయన మీద కూర్చున్నారు!"

ఉలిక్కిపడి లేచింది. కుర్చీలో మనిషెవరూ లేరు. తడిసి ముద్దయిన పేపరొకటి ఉంది.

"ఎవరి మీద?"

"సేఫ్టీ ఇంజినీరు." ఆ పేపర్ని రెండు వేళ్లతో పైకెత్తి నీళ్లు కారనిచ్చాడు అక్కడి ట్యూటర్. పొడుగ్గా, బక్కగా ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. "పాపం, పెద్దాయన. జలుబు చేస్తుందేమో."

"మీకు బుర్ర సరిగ్గానే ఉందా?"

"ఉందనే ఉద్యోగం ఇచ్చారు. మీరేనా క్యూ మేడమ్?"

"ఏంటీ?"

"మీ గైడ్ ఫోన్ చేసింది. అధ్యాయం పంపింది. 'ఏడిస్తే ఏడవనివ్వు, రాయడం మాత్రం నేర్పి పంపు' అంది. ముందు ఏది? ఏడుపా, చదువా?"

"ముందు ఆ గుండీలు సరిగ్గా పెట్టుకోండి."

అతను కిందికి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు పొద్దుటినుంచి ఆమెకి నవ్వొచ్చిన క్షణం అదొక్కటే.

గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒక్కో కుర్చీలో ఒక్కో పరిశోధన. ఆరుగురు పండితులు పెళ్లిచూపులకొచ్చిన బంధువుల్లా బిగుసుకుని కూర్చున్నట్టుంది.

"మీరు వీళ్లని విడివిడిగా పలకరించారు," అన్నాడు. "ఫలానాయన ఇలా అన్నాడు, ఫలానా ఆవిడ అలా అంది. అది సింథసిస్ కాదు, అందరి మాటల్నీ కలిపి అల్లడం కాదు, హాజరు వెయ్యడం. ఇప్పుడు మనుషుల్ని వదిలేసి, మధ్యలో ఒక ప్రశ్న పడెయ్యండి. ఆపరేటర్లు ఎందుకు అలసిపోతారు? ఎవరు ఏమంటారు? ఎవరు కాదంటారు? ఎవరు మాట మారుస్తారు?"

"నేనెలా చెప్తాను?"

"వాళ్ల కుర్చీలో కూర్చుని, వాళ్లలా చెప్పండి."

పిచ్చి పనిలా ఉంది. అయినా తడి కుర్చీలో కూర్చుని గొంతు బొంగురు చేసుకుంది. "వరుస షిఫ్టులు వేస్తే ఎవడైనా అలసిపోతాడయ్యా!"

"శభాష్. పక్కావిడ?"

పక్క కుర్చీలోకి మారి, సన్నగా దగ్గింది. "షిఫ్టులు కాదండీ, ఒంటరితనం. గేటు దగ్గర మాట్లాడే మనిషి ఉండడు."

"ఇద్దరూ పోట్లాడుకున్నారుగా. ఇప్పుడు రాయండి."

ఆమె ఆలోచించి రాసింది: 'అలసట నిజమేనని అందరూ ఒప్పుకుంటున్నారు. దాని మూలం దగ్గర విడిపోతున్నారు. పనివేళల్ని తప్పుపట్టేవాళ్లు కొందరు, పనిలోని ఒంటరితనాన్ని తప్పుపట్టేవాళ్లు కొందరు. ఈ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి పడితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.'

అతను చదివాడు. మళ్లీ చదివాడు. 

"చివరి వాక్యం ఎవరిది?"

"నాదే."

"వచ్చారన్నమాట మీరు. ఇందాకట్నుంచీ మీకోసమే చూస్తున్నాను."

మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం కిటికీలోంచి వానని అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూసింది.

*

రోజూ వెళ్లింది. రోజూ వానే.

"ఏమ్మా, ఆ కుర్చీల మాస్టారు ఇవాళ ఏం నేర్పాడు?" అని ఇంటికి రాగానే నాన్న అడిగేవాడు. ఇప్పుడు ఆమె ఉంటున్నది ఆయన దగ్గరే. కిటికీ పక్కన వాలుకుర్చీ ఆయనది. వాన పడితే ఆయన పక్క మీదికే పోడు. ఆ సాయంత్రం తర్వాత ఆయన కంటినిండా నిద్రపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వీధిలో మాత్రం ఆయన పేరు ఇప్పటికీ 'నిద్రమొహం'.

"తిట్టడం నేర్పాడు నాన్నా. పండితుల్ని."

"నిన్ను తిట్టడు కదా?"

"తిట్టడు. టీ పోస్తాడు. అది తిట్టుకంటే ఘోరం."

నాన్న పెదవి చివర కొంచెం కదిలింది. ఆయనకది నవ్వు.

ఈ థీసిస్ మొదలుపెట్టిందే ఆయనకోసం. నాన్న నిద్రపోయాడు, నిజమే. కానీ గొడ్డులా పని చేయించుకున్నవాళ్లది తప్పు, ఆయనది కాదు. ఆ మాట లోకం చేత అనిపించాలి. ఎప్పుడో ఆయన్ని క్షమించేసింది, ఆ మాట ఆయనతో చెప్పింది కూడా. ఇక మిగిలింది రుజువులే.

ఒకరోజు ట్యూటర్ కొత్త ప్రశ్న వేశాడు.

"ఆపరేటర్ నిద్రపోయాడని ఆరుగురూ అన్నారు. సరే. 'మీకెలా తెలుసు?' అని అడగండి."

ఆమె సేఫ్టీ ఇంజినీరు కుర్చీలో కూర్చుంది. పేపర్ వెనక ఆధారాల పట్టీ చూసింది. ఆయనకి ఆధారం పక్కావిడ పేపరే. చెయ్యెత్తి ఆవిడ వైపు వేలు చూపించింది. పక్కావిడ కుర్చీలోకి మారింది. ఆవిడ ఎదురుగా ఉన్నాయన్ని చూపించింది. ఆయన ఇంకొకాయన్ని. ఆ చివరాయన గదిలో లేని ఏదో రిపోర్టుని.

"ఈ రిపోర్టు చదివారా?"

"లేదు. ఆరుగురు చెప్పారుగా అని..."

"ఆరుగురు కాదు." అతను నవ్వడం మానేశాడు. "ఒకడు చెప్పింది ఆరుగురు మోశారు. అలాంటి పాతిక మంది దొరికినా సాక్షి ఒక్కడే. ఒకరికొకరు తెలియని ఇద్దరు, ఒకరి మాట ఒకరు వినకుండా, ఒకటే చెప్తే... అదీ లెక్క."

ఆమె పరుగున లైబ్రరీకి వెళ్లింది. దుమ్ము కొట్టుకున్న విచారణ రిపోర్టు తెచ్చి ఏడో కుర్చీలో పెట్టింది. ఆ పేజీ తీసింది. 

'ఆ సమయంలో ఆపరేటర్ నిద్రలో ఉన్నట్టు తెలుస్తోంది.'

"ఎవరికి తెలిసింది?" అంది ఆమె. "చూసినవాళ్లెవరు? చెప్పినవాళ్లెవరు? ఒక్క పేరు లేదు!"

కింద సంతకం ఒకటుంది. పెద్దసారుది. అప్పట్లో విచారణకి ఆయన్ని బయటి నిపుణుడిగా పిలిచారు. 

ట్యూటర్ ఆ సంతకం చూశాడు. రిపోర్టు మూసి కుర్చీలో పెట్టేశాడు. "వీళ్లంతా గేటు గురించి మాట్లాడేవాళ్లు. నీళ్ల గురించి మాట్లాడేవాళ్లెవరైనా ఉన్నారా?"

ఉన్నారు. నది ప్రవాహం మీద ఎవరో చేసిన పాత పరిశోధన. అందులో ఆపరేటర్ ఊసే లేదు. దిగువ వంతెన దగ్గర నీటిమట్టం గీసిన గ్రాఫ్ ఉంది. ఆ సాయంత్రం, గట్టు తెగడానికి చాలా ముందు, గీత చిన్నగా పైకి లేచింది. వెంటనే కిందికి పడింది. 

ఆమె వేలు ఆ గీత మీద ఆగిపోయింది.

"ఎవరో గేటెత్తారు," అంది. "మళ్లీ దించేశారు. నిద్రపోయినవాడు గేటెత్తడు కదండీ?"

అతను కుర్చీ అంచు పట్టుకున్నాడు. "దించేశారా?"

"అవును, చూడండి... ఏమైంది మీకు?"

అతని మొహంలో రక్తం లేదు. ఆమె ఆగే స్థితిలో లేదు. ఇన్నేళ్లు లోపల దాచుకున్నది ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. 

"ఆ ఆపరేటర్ మా నాన్న. మా అమ్మ ఆ కాలనీలోనే పోయింది. నిద్రపోలేదమ్మా అని చిన్నప్పుడు నాతో చెప్పాడు. నేను నమ్మలేదు. పుస్తకాల్ని నమ్మాను. ఇవాళ ఇంటికెళ్లి అడుగుతాను, ఆరోజు ఏం జరిగిందో మొత్తం. రేపు పొద్దున్నే వచ్చి మీకు..."

"వద్దు."

"ఏంటి వద్దు?"

"మీ నాన్నగారు ఏం చెప్పినా నాకు చెప్పకండి. ఆ అధ్యాయం నాకు చూపించకండి. శుక్రవారం దాకా ఇటు రాకండి." గొంతు అతనిది కాదు. "కమిటీ గదిలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంచండి. అంతే."

"అంటే? పండితుల మాటైతే వింటారు, గేటు ఆపరేటర్ మాటైతే వినడానికి కూడా పనికిరాదా?"

అతను గొడుగు అక్కడే వదిలేసి వానలోకి నడిచిపోయాడు.

*

"నాన్నా, ఆరోజు గేటెత్తావా?"

ఆయన కిటికీలోంచి వాన కేసి తిరిగాడు.

"ఎత్తానమ్మా. ఒక్క గేటు, జానెడు. నీళ్లు పెరుగుతున్న తీరు నాకు నచ్చలేదు."

"మళ్లీ ఎందుకు దించావు?"

"కంట్రోల్ రూమ్ నుంచి ఫోనొచ్చింది. 'రేపు కరెంటు టర్బైన్ పరీక్ష, జలాశయం నిండుగా ఉండాలి, నీళ్లు వదుల్తావా? గేటు దించెయ్' అన్నాడు. వరద గట్టిగా ఉంది సార్ అన్నాను. ఇంతలో ఫోన్లో విజిల్ మోగింది."

"విజిలా?"

"ఎవరో పిల్లాడు ఊదుతున్నట్టున్నాడు. ఆయన 'నోర్మూయ్!' అని అరిచాడు. పిల్లాణ్ణి అన్నాడో నన్నే అన్నాడో తెలీలేదు." నాన్న తన అరచేతుల్ని చూసుకున్నాడు. "నేను మూసుకున్నాను. గేటు దించాను. మళ్లీ ఎత్తుదామనుకునేసరికి నీటి బరువుకి గేట్లు బిగుసుకుపోయాయి. నా చేతులు చీరుకుపోయాయి గానీ అవి కదల్లేదు."

"ఆయనెవరు?"

"కొత్త గొంతు. రోజూ మాట్లాడే ఇంజినీరు కాదు. అడిగినవాళ్లందరికీ చెప్పాను. అసలు అలాంటి ఫోనే రాలేదన్నారు. మీ అమ్మ పోయాక ఇక ఎవరితో వాదించను?"

"నాతో వాదించొచ్చుగా నాన్నా!"

"నువ్వు నన్ను క్షమించేశానన్నావు కదమ్మా. క్షమించినదాన్ని మళ్లీ బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

ఆమె ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి, ఆయన చెప్పింది చెప్పినట్టు అధ్యాయంలో రాసింది.

అధ్యాయం ఇవ్వడానికి వెళ్లిన రోజు ఇంకో దెబ్బ తగిలింది. డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పెద్దసారు కారు ఆగింది. ఆయన అద్దం దించి ఎవరినో పిలిచాడు. 

"ఒరేయ్, ఇన్ని రోజులు ఇంటికి రాకపోతే ఎలారా? మీ అమ్మ ఎదురు చూస్తోంది."

స్తంభం చాటున నిలబడ్డ ట్యూటర్ బయటికొచ్చాడు. "వస్తాను నాన్నా. శుక్రవారం తర్వాత."

కారు వెళ్లిపోయింది. అతను తిరిగేసరికి ఎదురుగా ఆమె.

"నాన్నా?" అంది. "ఏడో కుర్చీలో ఉన్నది మీ నాన్నా? అందుకా నన్ను రావద్దన్నారు? ఆయనకి ఆరుగురు చాల్లేదని మీరూ కాపలా కాస్తున్నారా?"

అతను పెదవి కొరుక్కున్నాడు. 

"కుర్చీ..." అన్నాడు. "మర్చిపోకండి." 

పక్క మెట్ల మీదినుంచి దాదాపు పరుగెత్తాడు.

*

శుక్రవారం. కమిటీ గదిలో ఆమె కుర్చీలు గుండ్రంగా వేసింది. తలుపు దగ్గర, వినడానికొచ్చినవాళ్ల చివరి వరసలో నాన్న కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి. ఆయన్నెవరూ గుర్తుపట్టలేదు.

ఆమె ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్లింది. ఎవరు ఎవరి మాట మోశారో వేలితో చూపించింది. ఆరు వేళ్లు చివరికి ఏడో కుర్చీ దగ్గర ఆగాయి. నీళ్ల గ్రాఫ్ చూపించింది. గేటు లేచిందనీ, మళ్లీ దిగిందనీ చెప్పింది. 

గైడ్ మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇప్పుడు నువ్వు కనిపిస్తున్నావు."

"రిపోర్టు నాదేనమ్మా." పెద్దసారు అధ్యాయం తెరవనైనా తెరవలేదు. నవ్వు అలాగే ఉంది. "ప్రమాదం జరిగాక పిలిస్తే వెళ్లాను. అంతకుముందు ఆ కంట్రోల్ రూమ్ గడప కూడా తొక్కలేదు. బయటివాణ్ణి కాబట్టే అందరూ నా మాట నమ్మారు. గేటు ఎవరో దించారంటున్నావు. ఎవరు? ఎందుకు?"

"ఆపరేటరే దించాడు. ఫోన్లో దించమన్నారు. ఆయన మా నాన్న. ఆయన చెప్పింది అధ్యాయం చివర ఉంది."

గదిలో గుసగుసలు లేచాయి. 

"మీ నాన్నా! బాగుంది." పెద్దసారు వెనక్కి వాలాడు. "తప్పు చేసినవాడి మాట, రాసింది కూతురు. దీనికి ఇంకో సోర్స్ ఉందా? ఒక్కటి?"

ఆమె ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఎందుకు ఉంచిందో ఆమెకే తెలియదు. కోపంతో తీసేద్దామని రెండుసార్లు అనుకుంది. తియ్యలేకపోయింది. 

"చదువు," అంది గైడ్ మేడమ్. "ఆయనేం చెప్పాడో పైకి చదువు."

ఆమె పేజీ తిప్పింది. 

"చదవకండి!"

తలుపు దగ్గర ట్యూటర్. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. గుండీలు మళ్లీ తప్పు పెట్టుకున్నాడు. 

"నేను విన్నాక చెప్తే దానికి విలువ ఉండదు. ముందు నేను చెప్తాను. తర్వాత మీరు పేజీ చూసుకోండి."

నేరుగా వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. వారం రోజుల కోపం ఎటు పోయిందో ఆమెకి తెలియలేదు.

"కుర్చీ తడిపేశారు," అంది, అతనికి మాత్రమే వినిపించేలా.

"జలుబు నాకే చేస్తుందిలెండి," అన్నాడు అంతే మెల్లగా.

గైడ్ మేడమ్ ముందుకి వంగింది. "ఈ అధ్యాయం నువ్వు చదివావా?"

"లేదు మేడమ్."

"ఈ అమ్మాయి నీతో చెప్పిందా?"

"చెప్పనివ్వలేదు. ఈ వారమంతా ఆవిడ కనిపిస్తే పక్క మెట్లు దిగి పారిపోయాను. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు."

ఆమె తల వంచుకుంది. 

"ఆ సాయంత్రం నేను ఆ కంట్రోల్ రూమ్‌లో ఉన్నాను," అన్నాడతను. "చిన్నవాణ్ణి. అమ్మ ఆసుపత్రిలో ఉంటే, మర్నాటి టర్బైన్ పరీక్ష పని మీద వెళ్తూ నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. పరీక్షకి జలాశయం నిండుగా ఉండాలి అనుకుంటున్నారు అక్కడ. ఫోన్లో ఎవరినో 'గేటు దించెయ్' అని కోప్పడుతున్నారు. నాకు విసుగేసింది. జేబులో విజిల్ ఉంది. ఊదాను."

గైడ్ మేడమ్ అధ్యాయం చివరి పేజీ మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉండిపోయింది. మేడమ్ మొహం పాలిపోయింది.

"ఊదితే ఏమన్నారు?" అంది నెమ్మదిగా.

"ఆ మాట నాకిప్పటికీ..."

"నోర్మూయ్!"

పెద్దసారు లేచి నిలబడ్డాడు. నవ్వు లేదు. టేబుల్ మీద గ్లాసు పక్కకి ఒరిగి నీళ్లు పారాయి. "నోర్మూసుకుని బయటికి పో! ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

చివరి వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది.

ఇస్త్రీ చొక్కా మనిషి లేచాడు. ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. ఇన్నేళ్లు మూసుకున్న నోరు తెరిచాడు.

"ఇదే మాట," అన్నాడు. "ఇదే గొంతు."

గైడ్ మేడమ్ కళ్లు పేజీ మీదినుంచి లేచాయి. తండ్రినీ కొడుకునీ మార్చి మార్చి చూసింది. "ఊహలు నాకొద్దు. సాక్షివి నువ్వు. ఆ ఫోన్లో మాట్లాడిందెవరో పైకి చెప్పు, అందరికీ వినపడేలా."

ఆ మాట అన్నాక తిరిగి వెళ్లడానికి అతనికి ఇల్లుండదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కాగితాలు పక్కన పెట్టి, తడిసిన అతని చెయ్యి పట్టుకుంది. 

"చెప్పు," అంది. మొదటిసారి అతన్ని నువ్వు అంది.

అతను లేచాడు. ఆమె చెయ్యి వదల్లేదు. కమిటీని చూడలేదు. చివరి వరసలో గోడ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తూ చెప్పాడు. 

"మీరు నిద్రపోలేదండీ. గేటు దించమన్నది మా నాన్న."